బ్యూరెట్‌లోని నెలవంక

బ్యూరెట్‌లో నీటి తలము నడుమ పల్లమై, అంచులు పైకి ప్రాకి నెలవంకవలె నుండును. దానికి ‘మెనిస్కస్’ అను పేరు చిన్న చంద్రవంక అను అర్థముగల గ్రీకు మాటనుండియే వచ్చినది. ఆ వంక అడుగునకు కన్ను సమముగా నుంచి చదువవలెను. కన్ను పైకి జరిగినను, క్రిందికి జరిగినను లెక్క తప్పును. గీతకు గీతకు నడుమ దూరము 0.1 మిల్లీలీటరు మాత్రమే.

కాని ప్రయోగశాలలో ఒకడు చూచిన అంకెను నలుగురు రికార్డులో వ్రాసికొనుచున్నారు. ఈద్ నెలవంకను చూడనివాడు చూచితినని సాక్ష్యమీయునా? మన బసంత్‌నగర్ సిమెంటుకు పేరుపడిన ఊరు. ఆ పరిశ్రమలో ముడిపొడియందలి కార్బొనేటును టైట్రేషన్‌తో లెక్కింతురు. అచ్చట ఎరువు అంకె చెల్లదు.

దోషము విద్యార్థులది మాత్రమే కాదు. కమిటీవారు ఒక్కొక్కరికి ఒక్కొక్క బ్యూరెట్ సమకూర్చవలెను. కొంత తప్పినను, తాను చూచినదే వ్రాసినవానికి మేము మార్కులీయవలెను.