ఏ రకమో అడిగారా?

"ముప్ఫై రెండేళ్లకు క్యాన్సరేందమ్మా, పాలగడ్డ అయ్యుంటది!" జనగామలో మా వీధిలో ఒక పిల్లతల్లికి రొమ్ములో గడ్డ తగిలితే పెద్దవాళ్లు అన్న మాట ఇది. కాపడం పెట్టారు, పసుపు రాశారు. నాలుగు నెలలు గడిచాక గానీ ముక్క పరీక్ష చేయించలేదు. రిపోర్టులో 'ట్రిపుల్ నెగెటివ్' అని వచ్చింది. "నెగెటివ్ అంటే ఏం లేనట్టే గదా అక్కా?" అని వాళ్ల ఆడబిడ్డ సంతోషంగా నా దగ్గరికి వచ్చింది. డిగ్రీ చదివినదాన్ని కదా, నాకు తెలుస్తుందని!

రొమ్ము క్యాన్సర్ అని ఒకే పేరుతో పిలుస్తాం గానీ అందులో రకాలున్నాయి. తీసిన ముక్కలో మూడింటి కోసం వెతుకుతారు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ హార్మోన్లను పట్టుకునే రిసెప్టర్లు రెండు, హెర్-2 అనే ప్రొటీన్ ఒకటి. రిసెప్టర్లుంటే టామోక్సిఫెన్ లాంటి మాత్రలు పనిచేస్తాయి. హెర్-2 ఎక్కువగా ఉంటే దానికి వేరే ఇంజెక్షన్ ఉంది. మూడూ లేకపోతే ట్రిపుల్ నెగెటివ్. అంటే జబ్బు లేదని కాదు, ఆ మందులకు లొంగదని. పైగా త్వరగా పెరుగుతుంది. ఆపరేషన్, రేడియేషన్ సరే, ముఖ్యమైన ఆధారం కీమోనే.

ఇది పడుచువాళ్లను ఎక్కువగా పట్టుకుంటుందని అమెరికాలో గట్టిగా తేలింది. కరోలినాలో చేసిన అధ్యయనం 2006లో వెలువడింది. చాలావరకు ట్రిపుల్ నెగెటివ్‌గా ఉండే మొండి రకం, రొమ్ము క్యాన్సర్ వచ్చిన నల్లజాతి స్త్రీలలో ఇంకా నెలసరి ఆగని వారిలో నూటికి 39 మందికి కనిపించింది. నెలసరి ఆగినవారిలో 14 మందికే. మిగతా జాతుల వారిలో ఏ వయసైనా 16 మందికే. వంశపారంపర్యం కొంత, పేదరికం కొంత అని పరిశోధకులు ఇప్పటికీ లెక్కలు విప్పుతూనే ఉన్నారు.

మనకెందుకు ఆ గొడవ అనుకోకండి. పాశ్చాత్య దేశాల్లో రొమ్ము క్యాన్సర్లలో నూటికి 10-15 ఈ రకమైతే, మన దేశపు ఆసుపత్రుల లెక్కల్లో ముప్ఫై దాకా ఉంటోంది. అక్కడికంటే సుమారు పదేళ్ల ముందే మన ఆడవాళ్లకు ఈ జబ్బు వస్తోంది. మన జనాభాలో పడుచువాళ్లు ఎక్కువ కావడం అందుకు ఒక కారణం.

ముంబైలోని టాటా మెమోరియల్ వైద్యులు 2022 డిసెంబరులో ఒక మంచి కబురు చెప్పారు. ట్రిపుల్ నెగెటివ్ వచ్చిన 720 మందిలో సగం మందికి, ఆపరేషన్‌కు ముందిచ్చే కీమోతో పాటు కార్బోప్లాటిన్ కలిపి ఇచ్చారు. యాభై, అంతకు లోపు వయసు వారిలో అయిదేళ్ల తర్వాత బతికి ఉన్నవారు నూటికి 66 నుంచి 77కి పెరిగారు. యాభై దాటినవారికి ఆ మేలు కనిపించలేదు. ఇదేమీ కొత్తగా వచ్చిన ఖరీదైన మందు కాదు, పాతదే, చవకే.

కానీ దాన్ని వారం వారం ఎక్కించుకోవాలి, ఎనిమిది వారాలు! మహబూబాబాద్ వాళ్లకు సికింద్రాబాద్ రైలన్నా ఉంది. భూపాలపల్లికి బొగ్గు గనులున్నాయి గానీ ప్రయాణికుల రైలు లేదు. బస్సులో హన్మకొండ, అక్కడినుంచి హైదరాబాద్. మిరప ఏరే రోజుల్లో ఆమె కూలీ పోతుంది, తోడు వెళ్లినవాడి కూలీ పోతుంది, చంటిపిల్ల ఎవరి దగ్గరుంటుంది? 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని పది లక్షలకు పెంచారు, మంచిదే. రెండో వారమో మూడో వారమో "ఈసారికి వద్దులే" అనిపించేది మందు ఖర్చు కాదు, ఈ తిరుగుడు.

2025-26 కేంద్ర బడ్జెట్‌లో మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామన్నారు. పొద్దున వెళ్లి సెలైన్ ఎక్కించుకుని సాయంత్రానికి ఇంటికి రావచ్చు. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలలో 2023లో మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. మన జిల్లాల కేంద్రం ఎప్పుడు, అందులో వారం వారం కీమో ఇచ్చే నర్సు ఉంటుందా అని మన సంఘాల మీటింగుల్లో అడగడానికి మొహమాటమెందుకు?

ప్రభుత్వ పరీక్షలు ముప్ఫై ఏళ్లు నిండినవారికి. ఇరవై ఎనిమిదేళ్ల పిల్లకు గడ్డ తగిలితే క్యాంపు కోసం ఆగనక్కర్లేదు, పాలిస్తున్నా సరే చూపించుకోవాలి. ముక్క తీసినప్పుడు "ఈఆర్, పీఆర్, హెర్-2 చూశారా?" అని అడగండి. ట్రిపుల్ నెగెటివ్ అయితే బీఆర్‌సీఏ జన్యుపరీక్ష సంగతీ అడగండి, అక్కచెల్లెళ్లకూ పనికొస్తుంది. ఆ ముక్కను మైనంలో పెట్టి దాచిన బ్లాకుని, స్లైడ్లని రిపోర్టుతో పాటు తెచ్చుకోండి. వేరే ఆసుపత్రికి వెళితే చాలాసార్లు మళ్లీ సూది గుచ్చకుండా దాని మీదే పరీక్ష చేస్తారు.