లీవరా... బటనా?

సెకండ్‌హ్యాండ్‌ ఎస్‌యూవీ కొనేవాళ్లు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో అడుగుతారు, టైర్లు చూస్తారు, ఏసీ వేసి చూస్తారు. ఫోర్‌వీల్‌ డ్రైవ్‌ మాత్రం ఉందని చెబితే చాలు, పనిచేస్తుందనే అనుకుంటారు. ఎక్కువ డబ్బు పోసేది దానికే!

మామూలుగా వెనక చక్రాలకే అందే ఇంజిన్‌ శక్తిని ముందు చక్రాలకూ పంచే పెట్టె ట్రాన్స్‌ఫర్‌ కేస్‌. మారుతీ జిప్సీ, మూడు తలుపుల మహీంద్రా థార్‌లలో దీనికోసం గేర్‌ రాడ్‌ పక్కన మరో లీవర్‌ ఉంటుంది. దాన్ని లాగితే లోపలి గేర్లు నేరుగా కలుస్తాయి. టాటా సఫారీ స్టోర్మ్‌, 2016లో వచ్చిన రెండోతరం టొయోటా ఫార్చ్యూనర్‌లలో ఆ శ్రమ లేదు. డాష్‌బోర్డు దగ్గర స్విచ్‌ తిప్పితే ఓ చిన్న మోటార్‌ ఆ పని చేసేస్తుంది.

సౌకర్యం చూస్తే స్విచ్‌దే పైచేయి. కానీ పాత బండిలో దాని మోటార్‌, సెన్సర్‌, వైర్లు ఏళ్ల తరబడి బురదనీళ్లలో తడిసి ఉంటాయి. వాడకపోతే పట్టేస్తాయి. స్విచ్‌ మాత్రం కొత్తదానిలాగే తిరుగుతుంది! లీవర్‌కూ తుప్పు పడుతుంది, బుష్‌లు అరుగుతాయి. అయితే ఆ బిగుతు చేతికే తెలిసిపోతుంది. రిపేరూ తేలికే.

ఏదైనా సరే, కొనేముందు ఇలా పరీక్షించండి.

* మెత్తటి మట్టినేల మీదే చూడండి. తారురోడ్డు మీద మలుపు తిరిగేటప్పుడు ముందు, వెనక చక్రాలు తిరిగే దూరాల్లో తేడా వచ్చి గేర్లపై భారం పడుతుంది.
* నెమ్మదిగా, తిన్నగా వెళ్తూ 'ఫోర్‌ హై'లో వేయండి. దీపం నిలకడగా వెలగాలి. మినుకుమినుకుమంటూనే ఉంటే లోపం ఉన్నట్లే.
* బండి పూర్తిగా ఆపి, న్యూట్రల్‌లో ఉంచి 'ఫోర్‌ లో' వేయండి. ఇంజిన్‌ హోరెత్తుతున్నా బండి నత్తనడక నడవాలి.
* దీపం వెలిగితే సరిపోదు. ముందు చక్రాలూ లాగుతున్నాయో లేదో మెకానిక్‌తో చూపించండి.
* తిరిగి టూవీల్‌లోకి వస్తోందా? ఇదీ ముఖ్యమే.
* నాలుగు టైర్లూ ఒకే సైజువై ఉండాలి.

ఎక్కడ తేడా వచ్చినా దాన్ని టూవీల్‌ బండిగానే లెక్కగట్టి బేరమాడండి. లేదంటే వానాకాలంలో ఘాట్‌ దారి బురదలో, పిల్లాపాపలతో ఉన్నప్పుడు ఆ సంగతి బయటపడుతుంది. కొన్నాక కూడా నెలకోసారి మట్టిదారిలో కాసేపు ఫోర్‌వీల్‌లో నడపండి. వాడుతుంటేనే అది అక్కరకొస్తుంది.