వండూర్‌లో తెరిచి చూశారా?

మెమొరీ కార్డు / ద్వీపవాసి

ఇంటర్నెట్ గాల్లో ఉంటుందని మెయిన్‌ల్యాండ్‌లో చాలామంది నమ్మకం. మా దీవుల్లో ఆ భ్రమ ఎవరికీ లేదు. అది కేబుల్ రూపంలో బంగాళాఖాతం అడుగున పడుకుని ఉంది. చెన్నైలో మునిగి పోర్ట్ బ్లెయిర్‌లో తేలుతుంది (2024 సెప్టెంబరు నుంచి శ్రీ విజయపురం అనాలి, కానీ బస్సులో ఇప్పటికీ పాతపేరే వినిపిస్తుంది). అక్కడి నుంచి స్వరాజ్ ద్వీప్, లాంగ్ ఐలాండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్‌లకు పాయలుగా పోతుంది. మొత్తం సుమారు 2,300 కిలోమీటర్లు. 2018 డిసెంబరు 30న శంకుస్థాపన, 2020 ఆగస్టు 10న ప్రారంభం, ఖర్చు 1,224 కోట్ల రూపాయలు. లోతైన సముద్రంలో ఇలాంటి కేబుల్ మందం రెండు సెంటీమీటర్లకు అటూఇటూ ఉంటుంది. వండూర్‌లో నేను చూసే వీడియో అయినా, టీకొట్టు క్యూఆర్ కోడ్‌కి పడే పది రూపాయలైనా దాదాపుగా ఆ సన్నటి తీగలోంచి వెళ్లి రావాల్సిందే.

వండూర్ ఎక్కడో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. పోర్ట్ బ్లెయిర్ నుంచి పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరం. 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కుకి ఇదే గుమ్మం. జాలీ బాయ్, రెడ్ స్కిన్ దీవులకు పడవలు ఇక్కడి జెట్టీ నుంచే బయల్దేరతాయి. ఇక తెలుగు సంగతంటారా, 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్‌లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. అందులోనూ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ. కాబట్టి ఇక్కడ నెట్‌ని తిట్టాలన్నా ఉత్తరాంధ్ర యాసలోనే తిడతారు.

ఆ తిట్లకు కేబుల్ రాకముందు ఒక న్యాయం ఉండేది. అప్పుడు మాకు శాటిలైటే దిక్కు. అది భూమికి 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మనం నొక్కిన నొక్కు పైకెళ్లి కిందికి దిగాలి, జవాబు మళ్లీ పైకెక్కి మళ్లీ దిగాలి. కాంతి వేగంతో పోయినా అరసెకను దగ్గర పడుతుంది. ఒక్కసారే అయితే అరసెకను ఎవరికీ పట్టదు. కానీ వెబ్‌పేజీ ఒక్కసారి అడిగి ఊరుకోదు. ముందు చిరునామా వెతుక్కోవాలి, తర్వాత సర్వర్‌తో పలకరింపులు, ఆ తర్వాత తాళాలు మార్చుకోవడం, అవన్నీ అయ్యాక గానీ మొదటి అక్షరం బయల్దేరదు. అంటే ఏమీ కనిపించకముందే రెండు సెకన్లు పోయినట్టు. దానికితోడు ఉన్న కాస్త బ్యాండ్‌విడ్త్‌నీ దీవులన్నీ పంచుకోవాలి. ఇప్పుడు కేబుల్ మీద చెన్నై వెళ్లి రావడానికి కాంతికి 20 మిల్లీసెకన్లు కూడా పట్టదు. చెన్నై, పోర్ట్ బ్లెయిర్ మధ్య సెకనుకు 200 గిగాబిట్ల చొప్పున రెండు దారులు వేశారు. భౌతికశాస్త్రం తన వంతు చేసేసింది.

మరి ఫోన్ తెర మీద ఇంకా సున్నా ఎందుకు తిరుగుతోంది?

ఈ ప్రశ్న నాది కాదు. జెట్టీ దగ్గర బోటు నడిపే ఒక శ్రీకాకుళం మావ అడిగాడు. "ఏటి బాబూ, కేబులొచ్చిందన్నారు, స్పీడన్నారు. మరీ సున్నా తిరగడమేటి?" అని ఫోను నా చేతిలో పెట్టాడు. ఆయనకు కావలసింది ఒక్కటే, ఖాతాలో ఎంత ఉందో తెలియాలి. బ్యాంకు యాప్ తెరిస్తే ముందు అప్‌డేట్ చేయమంది. చేద్దామంటే ఫోన్లో చోటు లేదు. మనవరాలి వీడియోలు కొన్ని తీసేశాక అప్‌డేట్ దిగింది. తర్వాత లొకేషన్ అనుమతి అడిగింది. బ్యాలెన్స్ చూడ్డానికి మనిషి ఎక్కడుంటే దానికెందుకో! ఆ పైన పర్సనల్ లోన్ బొమ్మలు ఒకదాని తర్వాత ఒకటి జరిగాయి. అప్పుడు పిన్ అడిగింది. అప్పుడు తిరిగింది సున్నా. చివరికి అదే బ్యాంకు నంబరుకి మిస్డ్ కాల్ ఇప్పించాను. ఆయన బీడీ వెలిగించేలోపు మెసేజ్ వచ్చేసింది, అంకెతో సహా.

రోడ్డు వెడల్పయిన కొద్దీ లారీలూ పెద్దవవుతాయని ఎవరూ మాకు ముందు చెప్పలేదు. చెప్పినవాడు ఒకడున్నాడు గానీ, ఆయన మాట పరిశ్రమ వినలేదు. పాస్కల్ భాషను సృష్టించిన నిక్లాస్ విర్త్ 1995లోనే ఒక వ్యాసంలో మొత్తుకున్నాడు, హార్డ్‌వేర్ వేగం పెరిగేదానికంటే త్వరగా సాఫ్ట్‌వేర్ నెమ్మదిస్తోందని. 2016కల్లా సగటు వెబ్‌పేజీ బరువు 1993 నాటి డూమ్ ఆటంత అయిందని ఎవరో లెక్కగట్టి చూపించారు. రాక్షసులూ తుపాకులూ గుహలూ అన్నీ కలిపిన ఆటంత బరువు, ఒక వార్త చదవడానికి! అప్పటి నుంచి ఆ బరువు ఇంకా పెరిగిందే తప్ప తగ్గలేదు.

జాలీ బాయ్ వెళ్లేవాళ్లకు మా జెట్టీలో సంచి తనిఖీ ఉంటుంది. చిప్స్ ప్యాకెట్, నీళ్ల సీసా, క్యారీబ్యాగు, ప్లాస్టిక్ ఏదున్నా ఇవతలే ఆపేస్తారు. టూరిస్టులు మొదట గొణుగుతారు, దీవిలో అడుగుపెట్టి ఇసుక చూశాక గొణగడం మానేస్తారు. యాప్‌లకూ అలాంటి జెట్టీ ఒకటి ఉంటే బాగుండునని నా దురాశ. "ఏం మోసుకొస్తున్నావ్? ఈ ట్రాకర్ ఎవరి కోసం? తానంతట తాను మోగే ఈ వీడియో ఎందుకు? దించు." అంతే.

ఇలా అంటే సాఫ్ట్‌వేర్‌లో ఉన్న నా మిత్రులు ఒక మాట అంటారు: "మా డాష్‌బోర్డులో అంతా బాగానే ఉంది, ఫిర్యాదులేమీ లేవు." దీనికి జవాబుగా ఒక పాత కథ ఉంది. యూట్యూబ్‌లో పనిచేసిన క్రిస్ జకరయాస్ 2012లో రాశాడు. అప్పట్లో వీడియో పేజీ 1.2 మెగాబైట్లు ఉండేదట. ఇతను పట్టుబట్టి దాన్ని 98 కిలోబైట్లకు దించాడు. దాని పేరు ఫెదర్. కొందరికి వదిలి వారం తర్వాత లెక్కలు చూస్తే పేజీ తెరుచుకునే సగటు సమయం తగ్గలేదు సరికదా, పెరిగింది! బరువు పన్నెండో వంతుకు పడిపోతే సమయం పెరగడమేమిటి? బుర్ర బద్దలు కొట్టుకున్నాక దేశాలవారీగా విడదీసి చూశారు. ఆగ్నేయాసియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా, సైబీరియా నుంచి కొత్త జనం వచ్చిపడ్డారు. వాళ్లకు పాత పేజీ తెరుచుకోవడానికి ఇరవై నిమిషాలు పట్టేది, కాబట్టి వాళ్లు ఎప్పుడూ రాలేదు, కాబట్టి ఏ లెక్కలోనూ లేరు. కొత్త పేజీ రెండు నిమిషాలకు తెరుచుకునేసరికి వచ్చారు. ఆ రెండు నిమిషాలే సగటును పెంచేశాయి.

డాష్‌బోర్డులో మా మావ కనిపించడు. ఆయన యాప్ మూసేసి జేబులో పెట్టుకున్నాడు కదా.

కనిపించనివాళ్లను చూద్దామని ప్రయత్నించినవాళ్లు లేకపోలేదు. 2015లో ఫేస్‌బుక్ తన ఉద్యోగుల కోసం మంగళవారాలు ఒక గంటసేపు 2జీ వేగంతో యాప్ వాడి చూసే ఏర్పాటు పెట్టింది. వద్దనుకున్నవాళ్లు వద్దనుకోవచ్చు. నాకు నచ్చిన పనే, కానీ గంట తర్వాత మామూలు వేగం తిరిగొస్తుందని తెలిసినవాడికి విసుగు పుట్టదు, సరదా పుడుతుంది. పరీక్ష సంగతి వచ్చింది కాబట్టి ఇంకోటి. 2018 ఫిబ్రవరిలో మన జ, ఞ కలిసే ఒక కూర్పు మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ హడావుడిగా కొత్త వెర్షన్ పంపాల్సి వచ్చింది. కోట్లమంది రోజూ రాసే లిపిని అక్కడెవరూ సరిగ్గా కొట్టి చూడలేదన్నమాట.

ఇక మా పాత అలవాట్ల గురించి. శాటిలైట్ రోజుల్లో మొబైల్ షాపుల్లో మెమొరీ కార్డు ఇస్తే పాటలూ సినిమాలూ ఎక్కించి ఇచ్చేవారు. మెయిన్‌ల్యాండ్ నుంచి ఓడ దిగిన చుట్టం సంచిలో కందిపొడి, అప్పడాలతోపాటు హార్డ్ డిస్కు కూడా ఉండేది. అందులో పైరసీ ఎంతో నేను చెప్పక్కర్లేదు, దాన్ని సమర్థించడమూ లేదు. కానీ ఆ పద్ధతిలో ఒక తెలివి ఉంది. వస్తువు మన దగ్గర ఉంటుంది. ఒకరి నుంచి ఒకరికి షేరిట్‌లో, జెండర్‌లో పోతుంది, పైసా డేటా ఖర్చు కాదు, మధ్యలో చెన్నై అక్కర్లేదు. విచిత్రం చూడండి, 2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 చైనా యాప్‌లలో ఈ రెండూ ఉన్నాయి. మా కేబుల్ మొదలైంది ఆరువారాల తర్వాత. నెట్ లేకుండా బతికించిన సాధనం ముందు పోయింది, నెట్ తర్వాత వచ్చింది. గూగుల్ కూడా వీడియోలు దాచుకోవడానికి, పక్కవాడికి పంపడానికి యూట్యూబ్ గో అని మన దేశంలోనే ముందుగా ఒకటి మొదలుపెట్టి, 2022 ఆగస్టులో మూసేసింది. ఇప్పుడు కుర్రాళ్ల ఫోన్లలో పాట ఉండదు, పాటకు దారి ఉంటుంది. సిగ్నల్ పోతే పాటా పోతుంది.

నేను అన్నిటినీ తిట్టేవాణ్ణి కాదు. వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ గులాబీల మీద నాకు గౌరవం లేదు గానీ, దాన్ని కట్టినవాళ్ల మీద చాలా ఉంది. 2014లో ఫేస్‌బుక్ కొనేనాటికి 45 కోట్లమంది వాడుకదారులకు ఇంజనీర్లు 32 మంది. పాత నోకియా ఫోన్లలోనూ నడిచింది. అన్నిటికన్నా నాకు నచ్చేది ఆ చిన్న గడియారం గుర్తు. నెట్ లేనప్పుడు రాసిన మెసేజ్ పక్కన అది కూర్చుంటుంది. ఇంకా పోలేదు, నా దగ్గరే భద్రంగా ఉంది, దారి దొరకగానే పంపుతాను అని అర్థం. వెళ్లాక ఒక టిక్కు, చేరాక రెండు. "సమ్‌థింగ్ వెంట్ రాంగ్" అని చేతులు దులుపుకునే యాప్‌లు ఈ గడియారాన్ని చూసి సిగ్గు తెచ్చుకోవాలి.

మా అవసరాలకు సరిపడే సాఫ్ట్‌వేర్ ఎలా ఉండాలో చూపించినవాళ్లు సిలికాన్ వ్యాలీలో లేరు, హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఉన్నారు. సముద్రం కనుచూపుమేరలో లేని ఊళ్లో ఉన్న సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్. 2004 డిసెంబరు 26 సునామీ దెబ్బ మా తీరం మీద ఇంకా కనిపిస్తుంది. ఆ తర్వాత 2007 అక్టోబరులో సునామీ హెచ్చరిక కేంద్రం అక్కడే మొదలైంది. వాళ్లు జాలర్లకు రోజూ చెప్పేది ఇంకొకటుంది. ఉపగ్రహం నీటిపై వేడినీ, నీటిలో పచ్చదనాన్నీ కొలుస్తుంది. చేపలు ఎక్కడ గుంపు కట్టవచ్చో దాన్నిబట్టి అంచనా వేస్తారు. అంతా అయ్యాక జాలరి చేతికొచ్చేది ఏమిటి? ఏ దిక్కు, ఎంత దూరం, ఎంత లోతు. గుప్పెడు అంకెలు. తెలుగులో పంపినా, ఒక్క ఎస్ఎంఎస్‌లో పట్టే 70 అక్షరాల్లో ఇమిడిపోయే సంగతి.

తీరం నుంచి పది పన్నెండు కిలోమీటర్లు దాటితే ఫోన్‌కి సిగ్నల్ అందదు. దానికీ ఒక ఉపాయం చేశారు. 2019 అక్టోబరులో వచ్చిన జెమిని అనే చిన్న పెట్టె గగన్ ఉపగ్రహాల నుంచి హెచ్చరికలు అందుకుని బ్లూటూత్‌తో ఫోన్లో చూపిస్తుంది. ఒకవైపే వస్తుంది, తిరిగి మాట్లాడలేం. అది దాని లోపమే, కాదనను. ఆపదలో ఉన్నవాడు కేక వేయలేని పెట్టె ఎంత మంచిదైనా సగం పెట్టే. కానీ తుపాను వస్తోందన్న కబురు లాగిన్ అడగకుండా, లోన్ బొమ్మ చూపించకుండా చేరుతోంది.

మన పక్క తీరంలో ఇప్పుడు పెద్ద పండగే నడుస్తోంది. విశాఖలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ కడతామని 2025 అక్టోబరు 14న గూగుల్ ప్రకటించింది. సముద్రపు కేబుళ్లు కూడా అక్కడ దిగుతాయంటున్నారు. సంతోషం. ఆ కేబుళ్ల మీద రేపు ఏమేం నడుపుతారోనని మాత్రం నాకు గుబులుగా ఉంది. అక్కడ చేరబోయే ఇంజనీర్లకు నాదో సలహా. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి ఓడ ఉన్న రోజు చూసుకుని బంక్ క్లాసు టికెట్ కొనండి. రెండు మూడు రోజుల ప్రయాణం. ఒడ్డు కనుమరుగయ్యాక ఫోన్లో గీతలు పోతాయి. అప్పుడు మీరు చేసిన యాప్ తెరవండి. రెండోరోజు కూడా తెరుచుకుని, రాసింది దాచుకుని, గట్టు చేరగానే పంపిస్తే, వండూర్ జెట్టీలో మావ ఫోన్లో నేనే దగ్గరుండి ఎక్కిస్తాను. లేదంటారా, ఆయన మిస్డ్ కాల్ ఆయన ఇచ్చుకుంటాడు.