అంత్రం కట్టించినాక తగ్గింది

విడపనకల్లు పక్క ఏ పల్లెలోనైనా ఒక తల్లి "అంత్రం కట్టించినాక మావానికి తగ్గిందన్నా" అంటే ఆమె అబద్ధమాడుతోందని అనుకోవద్దు. నిజంగానే తగ్గి ఉంటుంది. హేతువాదులం తొందరపడి ఎగతాళికి దిగేది ఇక్కడే. తగ్గింది నిజం, తగ్గించింది అంత్రం (తాయెత్తు) కాదు. ఈ రెంటి మధ్య సందులోనే మంత్రగాడి బతుకుతెరువు ఉంది.

ఆరేడేళ్ల పిల్లాడికి ఉన్నట్టుండి కళ్లు టపటపా కొట్టుకోవడం మొదలవుతుంది. చూపు దోషమని కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు. కొన్నాళ్లకు అది పోయి మెడ ఎగరేస్తాడు, తర్వాత భుజం, ఆపైన గొంతులోంచి ఒక మూలుగో కూతో. వీటిని టిక్స్ అంటారు. కదలికలూ శబ్దాలూ రెండూ ఉండి ఏడాది దాటితే అది టూరెట్ సిండ్రోమ్. బడి ఈడు పిల్లల్లో వెయ్యికి 3 నుంచి 9 మందికి ఉంటుందని అంచనా. ఆడపిల్లల కంటే మగపిల్లల్లో మూడు నాలుగు రెట్లు ఎక్కువ. ఇది మెదడుకు, నరాలకు సంబంధించిన సమస్య, వంశంలోనూ నడుస్తుంది.

దీని నడక విచిత్రం. కొన్ని వారాలు విజృంభిస్తుంది, కొన్ని వారాలు అణుగుతుంది. పది పన్నెండేళ్ల వయసులో బాగా ముదిరి, యవ్వనానికి వచ్చేసరికి చాలామందిలో దానంతటదే నెమ్మదిస్తుంది. తల్లిదండ్రులు పరుగెత్తేది ఎప్పుడు? బాగా ముదిరినప్పుడు. అప్పుడు ఏం చేసినా ఆ తర్వాత రావలసింది తగ్గుదలే. మన సీమలో వాన కోసం విరాటపర్వం చదివించేదీ నెలల తరబడి వాన లేనప్పుడే కదా. ఆ తర్వాత ఎప్పుడో ఒకప్పుడు వాన పడక మానదు. పిల్లాడు మళ్లీ మెడ ఎగరేస్తే మంత్రగాడి దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: "నియమం తప్పినారు." తగ్గితే అతని గొప్ప, తిరగబెడితే తల్లి తప్పు.

ఈ వ్యాపారం మన ఒక్కరికే సొంతం కాదు. యూరప్‌లో 15వ శతాబ్దపు మంత్రగత్తెల వేట గ్రంథంలో ఒక పూజారి కథ ఉంది. చర్చి దగ్గరికి వచ్చినప్పుడల్లా అతని నాలుక బయటికి వచ్చేదట. దయ్యం పనే అన్నారు. 1885లో పారిస్ డాక్టరు జిల్ దె లా టూరెట్ తొమ్మిది మంది రోగుల తీరు రాసి పెట్టాడు. 1960లలో హాలోపెరిడాల్ మందుతో టిక్స్ తగ్గడం చూశాక ఇది శరీరంలోని జబ్బేనన్న వాదం బలపడింది.

టూరెట్ ఉన్నవాళ్లలో అదుపు లేకుండా బూతులు వచ్చేది పదిమందిలో ఒకరికి, మహా అయితే ఇంకాస్త ఎక్కువ మందికి. ఊరు గుర్తు పెట్టుకునేది మాత్రం వాటినే. "ఆ మాటలు వాడివి కావు" అని తీర్పు చెబుతుంది.

టిక్ రాబోయే ముందు మెడలో ఏదో బిగువు, గొంతులో గిలి. కదిలిస్తే తప్ప తీరదు. అయినా పిల్లాడు కాసేపు బలవంతంగా ఆపుకోగలడు. అదే వాడి ప్రాణానికి వచ్చింది. క్లాసులో పది నిమిషాలు ఆపుకుంటే "చూసినారా, కావాలనే చేస్తాండాడు" అని సారు బెత్తం తీస్తాడు. మంత్రగాడి ముందు ఆపుకుంటే దయ్యం బెదిరిందని అంటారు. ఇంటికొచ్చాక బిగబట్టిందంతా ఒక్కసారి బయటపడితే మొండితనమని నాన్న కొడతాడు.

నిజానికి చాలామంది పిల్లల్ని టిక్స్ కంటే ఎక్కువ బాధపెట్టేవి వాటి వెంట వచ్చేవి. సగం మందికి పైగా ఏకాగ్రత లోపం, నిలకడలేనితనం ఉంటాయి. ఇంకా చాదస్తపు ఆలోచనలు, భయాలు, పట్టలేని కోపం. గడపను సరిగ్గా మూడుసార్లు ముట్టుకుంటే తప్ప అడుగు ముందుకు పడని పిల్లాడిని చూసి "ఎంత భక్తో" అని అవ్వ మురిసిపోతుంది. అదే పిల్లాడు మెడ ఎగరేస్తే గాలి సోకింది! ఇక క్లాసులో పెట్టిన ఎగతాళి పేరు ఊరంతా పాకాక బడి మానేసి పత్తి చేనుకో మిరప కోతకో వెళ్లడమే నయమనిపిస్తుంది. దిగులు ముదిరేది అక్కడే. దానికి దయ్యంతో పని లేదు, మనుషులు చాలు.

మందులున్నాయి, అందరికీ అవసరం రావు. మెడ ఎగరేయాలనిపించినప్పుడు గడ్డం కాస్త దించి మెడ కండరాలు బిగపట్టి ఆ తహతహ పోయేదాకా ఉండడం నేర్పే పద్ధతి చాలామందికి పనిచేస్తుంది. సారు చేయాల్సిందల్లా తిట్టకుండా వదిలేయడం, అడిగినప్పుడు ఐదు నిమిషాలు బయటికి పోనివ్వడం.

మిరపపొగ పెట్టి, కొట్టి దయ్యాన్ని వదిలించడం సరిహద్దు దాటి బళ్లారి వైపు చేస్తే కర్ణాటక 2017లో చేసిన చట్టం కింద నేరం. ఇవతల ఆంధ్రలో అలాంటి ప్రత్యేక చట్టం లేదు. అదే బళ్లారిలో 1980లలో నిమ్హాన్స్ అనే మానసిక వైద్య సంస్థ వాళ్లు పల్లె ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకే మానసిక వైద్యం నేర్పారు. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా. పొరుగు జిల్లాలో పుట్టిన పద్ధతి మన పల్లెల్లో తాయెత్తు అంత పేరు తెచ్చుకోలేదు.

14416 అనేది మానసిక సమస్యలకు ఫోన్లో సలహా ఇచ్చే టెలిమానస్ నంబరు, ప్రభుత్వానిదే. తెలుగులో మాట్లాడతారు, డబ్బు అడగరు. అంత్రం తీసేసినాకే ఫోన్ చేయమని కూడా అనరు.