చేతులు కడిగితే చాలునా?

బాధ్యత వదిలించుకోవడాన్ని మనం ‘చేతులు దులుపుకోవడం’ అంటాం. ఇంగ్లిషులో ‘చేతులు కడుక్కోవడం’ అంటారు. ఆ మాట వెనుక ఉన్నవాడు పిలాతు. యేసు నిర్దోషి అని అతనికి తెలుసు. ఆయన జోలికి పోవద్దని భార్య కబురు కూడా పంపింది. అయినా జనం అల్లరికి భయపడి, నీళ్లతో చేతులు కడుక్కుని ప్రభువును సిలువకు అప్పగించాడు (మత్తయి 27:19-26). చేతులు తడిశాయి గానీ దోషం పోలేదు. నేటికీ మనం విశ్వాస ప్రమాణంలో అతని పేరు పలుకుతూనే ఉన్నాం.

సంఘంలో ఒక విధవరాలికి అన్యాయం జరిగితే, ‘మనకెందుకులే, ప్రార్థన చేద్దాం’ అని తప్పుకుంటున్నామా? అవి పిలాతు నీళ్లే. మేలు ఏదో తెలిసీ చేయకపోవడం పాపమని యాకోబు హెచ్చరించాడు (4:17).

అంతకు ముందు రాత్రే ప్రభువు కూడా పళ్లెంలో నీళ్లు పోశాడు. తన చేతుల కోసం కాదు, శిష్యుల పాదాల కోసం (యోహాను 13:5). ఏ నీళ్లు మనవి?