ఉద్యోగులపై కంప్యూటర్ నిఘా: అమ్మినవారికీ తప్పని చిక్కు

(మా గ్రామీణ విలేఖరి)

పట్నంలో కంప్యూటర్ ఉద్యోగం చేసే పిల్లలు లేని ఊరు మన జిల్లాలో అరుదు. 2020లో కరోనా వచ్చినప్పుడు వారిలో చాలామంది ఇంటి వసారాలో కూర్చునే పని చేశారు. ఉద్యోగులను కనిపెట్టి ఉండే సాఫ్ట్‌వేర్‌కు గిరాకీ పెరిగింది కూడా అప్పుడే. ఉద్యోగి ఏ అక్షరాలు నొక్కాడు, ఎంతసేపు చేయి కదపలేదు అన్నది ఇది లెక్కగడుతుంది. కొన్ని నిమిషాలకోసారి తెర ఫొటో తీసి యజమానికి పంపుతుంది. పొలంలో కూలీల వెంట మేస్త్రీ నిలబడడం లాంటిదే కదా అనవచ్చు. కానీ మేస్త్రీ కంటికి కనిపిస్తాడు.

కత్తి అమ్మినవాడిది తప్పు కాదు, పొడిచినవాడిదే తప్పన్నది ఈ సరుకు అమ్మేవారి వాదన. అమెరికాలో ఈ వాదన అన్నిచోట్లా చెల్లలేదు. ఫ్లోరిడాలోని సైబర్‌స్పై అనే కంపెనీపై 2008లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కోర్టుకెక్కింది. మామూలు ఫొటోలా కనిపించేటట్టు ఈమెయిల్‌లో పంపి, ఎదుటివారి కంప్యూటర్‌లోకి నిఘా సాఫ్ట్‌వేర్‌ను ఎలా దించాలో ఆ కంపెనీ కొన్నవారికి నేర్పిందన్నది అభియోగం. 2010లో రాజీ కుదిరింది. ఆ కిటుకులు ఇక నేర్పరాదని, సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు సంగతి తెరమీద చూపి అంగీకారం తీసుకోవాలని షరతు పడింది. 2014లో స్టెల్త్‌జీని అనే ఫోన్ నిఘా సరుకు అమ్మిన వ్యక్తి నేరం ఒప్పుకుని 5 లక్షల డాలర్ల జరిమానా కట్టాల్సి వచ్చింది. దొంగచాటుగా సంభాషణలు పట్టడమే ముఖ్య ప్రయోజనమైన సరుకును తయారుచేయడం, అమ్మడం, చివరకు ప్రకటన ఇవ్వడం కూడా అక్కడ నేరమే.

మన దేశంలో సంగతి ఇంత సూటిగా లేదు. కంప్యూటర్ సొంతదారు అనుమతి లేకుండా అందులోకి చొరబడినా, చొరబాటుకు సాయపడినా 2000 నాటి ఐటీ చట్టం 43వ సెక్షన్ కింద నష్టపరిహారం చెల్లించాలి. మోసపు బుద్ధితో చేసినట్టు రుజువైతే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు. ‘సాయం’ అన్న మాటతో అమ్మకందారును కూడా పట్టవచ్చు. అయితే ఆఫీసు ఇచ్చిన కంప్యూటర్‌కు సొంతదారు ఆఫీసే. ఇక ఉద్యోగి అనుమతి అడిగేదెవరు?

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కానీ 2023 నాటి డేటా రక్షణ చట్టం ఉద్యోగ అవసరాలకు, సంస్థను నష్టం నుంచి కాపాడుకోవడానికి సమ్మతి లేకుండానే వివరాలు వాడుకునే వీలు యాజమాన్యాలకు ఇచ్చింది. న్యూయార్క్ రాష్ట్రంలో 2022 మే నుంచి, ఉద్యోగంలో చేరేటప్పుడే నిఘా సంగతి రాతపూర్వకంగా చెప్పి సంతకం తీసుకోవాలి. ఆ పాటి నియమం ఇక్కడ పెట్టడానికి అడ్డేమిటో అర్థం కాదు.

తెర ఫొటోల్లో బ్యాంకు లెక్కలూ, ఇంటి కబుర్లూ కూడా పడతాయి. అవి తరచు అమ్మకందారు సర్వర్లలోనే నిల్వ ఉంటాయి. భద్రత లోపించి బయటికి పొక్కితే కొత్త చట్టం 250 కోట్ల రూపాయల దాకా జరిమానా అంటున్నది గానీ, జవాబు చెప్పవలసింది మాత్రం యాజమాన్యమే.

ఉద్యోగి సొంత ల్యాప్‌టాప్ మాట వేరు. దానికి సొంతదారు అతనే గనుక అతని అనుమతి లేకుండా నిఘా పెట్టడం కుదరదు. ఆ అనుమతి చేరేనాడు సంతకాలు పెట్టించుకునే కాగితాల కట్టలో ఎక్కడో ఒక వాక్యంగా ఉండిపోవచ్చు. పిల్లలు సంతకం చేసే ముందు ఆ వాక్యం వెతుక్కోవడం మంచిది.