సైకిలు బాటపై మర్యాద

బాటలో నెదురుపడిన సైకిలు ప్రయాణికు లొకరినొకరు పలుకరించుకొనవలెనా యను ప్రశ్న చూపునకు చిన్నది. బెంగుళూరు మొదలగు నగరములనుండి వ్యాయామార్థము వేకువనే బయలుదేరువారిలో, ఎదుటివా డపరిచితుడైనను చేయెత్తి పలుకరించువారు గలరు. కొందరి కిది సౌజన్యము. కొందరి కనవసరమైన యాడంబరము. కాని కొత్తచెరువు వంటి గ్రామముల బాటలపై నీ ప్రశ్నకు వేరొక చరిత్ర గలదు. దానిని మరచి తీర్పు చెప్పుట న్యాయము గాదు.

కొత్తచెరువునుండి బుక్కపట్నము, పుట్టపర్తి, ధర్మవరము, పెనుకొండ దిక్కులకు బోవు బాటలపై సైకిలు చిరకాలము సామాన్యుని వాహనము. పాలక్యానులును, గడ్డిమోపులును, బడిపిల్లల సంచులును దానిమీదనే సాగినవి. ఈ సీమలో నెదురైనవానికి "నమస్కార" మనుట యరుదు, "యాడికప్పా?" యనుటయే పలుకరింపు. వాన పడినదా, బస్సు పోయినదా, వేరుశనగ ధర యెట్లున్నది యను వార్తలన్నియు నా యొక్క మాట వెంట వచ్చును.

అయితే యా మాట యందరికి నొకే తీరున దక్కలేదు. 1885లో ఇంగ్లండున జాన్ కెంప్ స్టార్లీ ఇంచుమించు సమమైన రెండు చక్రముల రోవర్ సైకిలును వెలువరించెను. 1888లో డన్లప్ గాలిటైరునకు పేటెంటు పొందెను. ఆ యంత్రము కులమెరుగదు. మన గ్రామము లెరుగును. తెలుగుదేశమున నొకప్పుడు పెక్కు పల్లెలలో దళితుడు పెద్దకులముల వీధిలో సైకిలెక్కి పోరాదు. దిగి, చెప్పులు విడిచి, బండిని నడిపించుకొనుచు బోవలసియుండెను. దానికి "మర్యాద" యని పేరు పెట్టిరి. అతని దండమునకు అరుగుమీది పెద్దలు తల యైన నూపని దినములు గలవు. 1950 జనవరి 26న నమలులోనికి వచ్చిన రాజ్యాంగము 17వ యధికరణముచే నస్పృశ్యతను రద్దుచేసెను. 1955లో దానిని శిక్షార్హము చేయు శాసనము వెలువడెను. 1989లో నత్యాచారముల నివారణకు మరియొక చట్టము వచ్చెను. శాసనము సైకిలు దిగుమను నోటిని మూయగలదు. పలుకరించు నోటిని తెరువజాలదు. ఆ పని మనది.

కావున మా యభిప్రాయము స్పష్టము. పలుకరింపు ఉండవలెను, కాని యది క్రిందినుండి పైకి బోవు దండముగా నుండరాదు. పొలమును, విద్యయు, పలుకుబడియు గలవారే ముందుగా పలుకవలెను. కూలికి బోవువానిని "ఏమిరా" యనక "ఏమప్పా" యనిన భూస్వామి గౌరవము తగ్గునా? తగ్గదు సరికదా, ఆ గౌరవము భయముచే గాక ప్రీతిచే లభించినదగును.

ఇందును హద్దులు గలవు. గుంతలబాటలో బరువుతో వచ్చువాడు చేయెత్తిన పడిపోవును. అతనికి తలపంకించుట చాలును. బస్టాండు రద్దీలో నందరిని పలుకరించుట యసాధ్యము. బడికి బోవు బాలికల విషయము మరియు సున్నితమైనది. 2017 ప్రాంతమున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము "బడికొస్తా" పథకము క్రింద నున్నత పాఠశాల బాలికలకు సైకిళ్లిచ్చెను. అట్టి బాలికకు అపరిచితుని పలుకరింపు సంతోషము గాక బెదురు గావచ్చును. ఆమె కడ్డురాక, వెంటబడి గంట మ్రోగింపక, దారి విడుచుటయే యచట మర్యాద.

తుదకు పలుకరింపునకు పరీక్ష యొకటి గలదు. మిట్టమధ్యాహ్నము తుమ్మచెట్టు క్రింద చక్రము పంక్చరై యొకడు నిలిచియున్నాడు. చేయెత్తి సాగిపోయినవాడు ఆచారము నెరవేర్చినవాడు, దిగి "గాలిపంపు కావలెనా?" యని యడిగినవాడు మనుష్యుడు. ఒకప్పుడు భయముచే దిగిన బాటపై నేడు సాయము కొరకు దిగుదము. పెద్దలు ముందుగా దిగుదురు గాక!